శాన్ హోసేకి రైల్లో

లాస్ ఏంజిల్స్ నుంచి శాన్ హోసేకి విమానంలో గంటంబావు. రైల్లో పదిన్నర గంటలు, అదీ టైముకి నడిస్తే. పోనీ టికెట్ చవకా అంటే అదీ కాదు. "డబ్బులిచ్చి మరీ అంతసేపు ఎవరైనా కూర్చుంటారా నాన్నా?" అని శాన్ హోసేలో ఉండే మా అమ్మాయి ఫోన్లో విసుక్కుంది. మేనల్లుడు మాత్రం మారు మాట్లాడకుండా పొద్దున్నే యూనియన్ స్టేషన్ దగ్గర దింపి, "మధ్యలో కాఫీకని ఎక్కడా దిగకండి మావయ్యా" అని ఆఫీసుకి పోయాడు.

డిస్నీలాండ్, హాలీవుడ్ చూశాం. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఎండ, క్యూ, పార్కింగ్ బిల్లు.

రైలు ఎందుకంటే, ఒక పాట కోసం. 1968లో డియాన్ వార్విక్ పాడిన "డూ యూ నో ద వే టు శాన్ హోసే". శాన్ హోసేకి దారి తెలుసా అని అడిగే పాట. బర్ట్ బకరాక్ బాణీ, హాల్ డేవిడ్ మాటలు. గుంటూరు ఏసీ కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ ట్రాన్సిస్టర్‌లో ఇది వినిపించేది. మాటలు ఎవరికీ సరిగ్గా అందేవి కావు. "వో వో" అనే కోరస్ దగ్గర మాత్రం అందరం గొంతు కలిపేవాళ్లం. ఆ హుషారు చూసి ఇదేదో పిక్నిక్ పాట అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత మాటలు చదివితే తెలిసింది, అది ఓడిపోయిన మనిషి పాట. సినిమాల్లో వెలుగుదామని లాస్ ఏంజిల్స్ వెళ్లి, ఏదీ కుదరక, సొంతూరు శాన్ హోసేకి తిరిగి పోతూ పాడుకుంటుంది. తారలు కావాలని వచ్చినవాళ్లు అక్కడ కార్లు పార్క్ చేస్తూ, పెట్రోలు కొడుతూ మిగిలిపోయారట. కోడంబాకం వెళ్లి రెండు సినిమాల్లో గుంపులో నిలబడి తిరిగొచ్చిన మనిషి మా ఊళ్లోనూ ఒకాయన ఉండేవాడు. పాండీబజార్ కబుర్లు తప్ప ఇంకేం మాట్లాడేవాడు కాదు. మద్రాసులో ఏం జరిగిందని అడిగితే మాత్రం లేచి వెళ్లిపోయేవాడు.

వార్విక్‌కి ఈ పాట మొదట్లో నచ్చలేదు. అయిష్టంగానే పాడింది. ఆమెకి మొదటి గ్రామీ అవార్డు తెచ్చిపెట్టింది మాత్రం ఇదే.

రైల్లో పై అంతస్తులో అద్దాల బోగీ ఒకటుంది. ఉత్తరం వైపు వెళ్లేటప్పుడు ఎడమ పక్కన కూర్చోండి, సముద్రం అటే. ఆక్స్‌నార్డ్ దాటాక పసిఫిక్ పక్కకి వచ్చి చేరుతుంది. శాంటా బార్బరా దగ్గర నీళ్లలో చమురు బావుల ప్లాట్‌ఫారాలు కనిపిస్తాయి. ఆ తర్వాత రాకెట్లు ప్రయోగించే వాండెన్‌బర్గ్ స్థావరం మధ్యలోంచి పోతుంది రైలు. అక్కడ రోడ్డు కూడా తీరం వదిలేసి లోపలికి పోతుంది కాబట్టి ఆ సముద్రం రైలెక్కినవాళ్లకే దక్కుతుంది. కింద క్యాంటీన్లో టీ అడిగితే వేడినీళ్ల కప్పు, దారం కట్టిన పొట్లం చేతిలో పెట్టి మూడు డాలర్లు తీసుకున్నారు. పాలు అడిగితే పొడి ఇచ్చారు.

శాన్ లూయిస్ ఒబిస్పోకి కొంచెం ముందు ఒకావిడ పక్క సీట్లో కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఎక్కడికని అడిగింది. శాన్ హోసే అన్నాను. "దారి తెలుసా మరి?" అంది. నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నేను పుట్టింది అక్కడే. ఎక్కడికెళ్లినా ఈ జోకు నాకు తప్పలేదు. ఒక్కసారైనా ఇంకొకరి మీద వేద్దామని" అంది.

అక్కడి నుంచి ఆవిడే మాట్లాడింది. రైలు క్వెస్టా కొండ మీదకి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే అందరూ ఫోన్లు పట్టుకుని కిటికీలకి అతుక్కుపోయారు, మేం చూడనేలేదు. వాళ్ల నాన్న పండ్లు డబ్బాల్లోకి ఎక్కించే ఫ్యాక్టరీలో పనిచేశాడట. శాన్ హోసే ఉన్న లోయంతా అప్పట్లో తోటలే, ఆప్రికాట్, ప్రూన్, చెర్రీ. వేసవి సెలవుల్లో పిల్లలందరూ షెడ్లలో నిలబడి ఆప్రికాట్లని రెండుగా కోసి, గింజ తీసి, చెక్క పళ్లాల్లో ఎండకి పరిచేవాళ్లు. ఎన్ని పెట్టెలు కోస్తే అంత కూలి. 1950లో శాన్ హోసే జనాభా 95 వేలు. పాట వచ్చేనాటికి తోటలు కొట్టేసి ఇళ్లు కట్టేస్తున్నారు, ఊరు 4 లక్షలు దాటింది. ఇప్పుడు 10 లక్షలకి అటూ ఇటూ.

"ఆ పాటలో ఒక్క మాట నాకు కోపం" అందావిడ. "అక్కడ బోలెడు చోటు ఉందని, తనకీ ఉండటానికి ఇల్లు దొరుకుతుందని పాడుతుంది చూడండి." వాళ్లిల్లు అమ్మేసి ఓరెగన్ వెళ్లి చాలా ఏళ్లయిందట. ఇప్పుడూ అటే వెళ్తోంది. సొంతూరి మీదుగా రైల్లో పోతూ కూడా దిగదు. అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదంది. ఓరెగన్‌లో ఏం బాగుంటుందంటే, "2023 దాకా మా పెట్రోలు మేం కొట్టుకోవడానికి చట్టం ఒప్పుకునేది కాదు, ఎవరో ఒకరు వచ్చి కొట్టేవారు" అని గర్వంగా చెప్పింది.

నాకు తెలిసిన ఊళ్ల పాటలన్నీ గుర్తు చేసుకున్నాను. గ్లెన్ క్యాంప్‌బెల్ పాడిన ఫీనిక్స్ పాటలో మనిషి ఆమెని వదిలి దూరం పోతూ ఉంటాడు. గాల్వెస్టన్ పాటలో సిపాయి ఎక్కడో యుద్ధంలో ఉండి ఆ ఊరి సముద్రాన్ని తలుచుకుంటాడు. టోనీ బెనెట్ అయితే గుండెని శాన్ ఫ్రాన్సిస్కోలోనే వదిలేసి వచ్చాడు. ఊళ్లో కూర్చుని ఆ ఊరి మీద పాడినవాడు నాకు ఒక్కడూ తట్టలేదు. ఆవిడకి ఈ సంగతి చెబితే, "ఊళ్లో ఉంటే అద్దె కట్టడానికే సరిపోతుంది, పాటలెక్కడ?" అంది.

సాలినాస్ దగ్గర గూడ్సు కోసం ఆపేశారు. ఆకుకూరల పొలాలు చీకట్లో కలిసిపోయాయి. శాన్ హోసే చేరేసరికి రాత్రి పది. ఆవిడ కిందకి దిగి కాళ్లు సాగదీసుకుని, "అటు, ఆ సొరంగంలోంచి వెళ్లండి" అని నాకు దారి చూపించి మళ్లీ ఎక్కేసింది.

కార్లో మా అమ్మాయికి ఆ పాట వినిపించాను. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఉంటోంది, ఎప్పుడూ వినలేదట. రెండు బెడ్‌రూములకి 3 వేల డాలర్ల పైన కడుతోంది, వచ్చే నెల ఇంకా పెంచుతారట. బోలెడు చోటు అనే చరణం రాగానే, "ఇది ఏ శాన్ హోసే నాన్నా?" అని ఆపేసింది.

ఆ ఆదివారం సన్నీవేల్ గుడికి వెళ్తూ, పట్టుబట్టి అక్కడి కమ్యూనిటీ సెంటర్ పక్కనున్న ఆప్రికాట్ తోట దగ్గర ఆపించాను. పాత తోటల గుర్తుగా ఊరివాళ్లు ఉంచుకున్న 10 ఎకరాలు. కాయలు ఎప్పుడో కోసేశారు. నేను చెట్ల మధ్య తిరుగుతుంటే మా అమ్మాయి కారు దగ్గరే నిలబడి, ఈ స్థలంలో ఎన్ని ఫ్లాట్లు కట్టొచ్చో అల్లుడితో లెక్కలేస్తోంది.