బ్లడ్ స్మియర్ ప్రాక్టికల్: ఫోకస్ ఎందుకు దొరకదు?

చెన్నైలో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) ప్రాక్టికల్స్‌కి ప్రిపేరవుతున్న మన తెలుగువాళ్ల కోసం ఇది. కణం పేరు నోటికొచ్చినా, దాన్ని లెన్స్ కిందికి తెచ్చుకోవడం రాకపోతే మార్కులు పోతాయి. అట్లాస్ బొమ్మలకిచ్చే టైమ్‌లో సగమైనా మైక్రోస్కోప్‌కి ఇవ్వండి.

ముందు స్లైడ్‌ని కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి. గాజు వైపు అద్దంలా మెరుస్తుంది, స్మియర్ (పలచగా పరిచిన రక్తపు పొర) వైపు మెరవదు. మెరవని వైపు పైకి రావాలి. తిరగబడితే 10ఎక్స్ (పది రెట్లు పెద్దగా చూపే లెన్స్)లో ఏమీ తెలియదు, చక్కగానే కనిపిస్తుంది. 40ఎక్స్‌కి మార్చాకే చిక్కు. ఫోకస్‌లో ఉన్నప్పుడు ఆ లెన్స్‌కీ స్లైడ్‌కీ మధ్య ఖాళీ మామూలుగా మిల్లీమీటరు కూడా ఉండదు, గాజు మందమే సుమారు ఒక మిల్లీమీటరు, అందుకే కింది వైపున్న స్మియర్ ఫోకస్‌కి రాదు. బలవంతంగా కోర్స్ నాబ్ (ఫోకస్‌ని ఎక్కువగా జరిపే పెద్ద నాబ్) తిప్పితే స్లైడ్ పగులుతుంది. 40ఎక్స్ దగ్గర్నుంచి ఫైన్ నాబ్ (కొంచెం కొంచెంగా జరిపే చిన్నది) మాత్రమే వాడాలి.

10ఎక్స్‌లో వెతకాల్సింది కణాన్ని కాదు, చోటుని. స్మియర్ తల (రక్తపు చుక్క పెట్టిన మందమైన వైపు) దగ్గర ఎర్రకణాలు ఒకదానిమీదొకటి పేరుకుని ఉంటాయి. తోక చివర కణాలు పలచబడి, వాటి మధ్యలో ఉండాల్సిన తెల్లదనం పోతుంది. తోకకి కాస్త ముందు, కణాలు పక్కపక్కనే తాకీతాకనట్టు పరుచుకున్న చోట ఆగండి. స్లైడ్‌ని కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోతుంది, చేతికి ఇది అలవాటు కావాలి.

100ఎక్స్‌కి ఒక్క చుక్క ఆయిల్ చాలు. కండెన్సర్ (స్లైడ్ కింద వెలుతురుని కూడగట్టే భాగం) పూర్తిగా పైకి, ఐరిస్ (ఆ వెలుతురుని తగ్గించే, పెంచే తెర) తెరిచి ఉంచండి. ఆయిల్ పడ్డాక మళ్లీ 40ఎక్స్ తిప్పొద్దు, ఆ లెన్స్‌కి ఆయిల్ అంటితే తర్వాత ఎవరు చూసినా మసకే.

చెన్నై తేమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లీష్‌మన్ స్టెయిన్ (కణాలకి రంగు పట్టించే ద్రవం)లో ఉండేది మిథనాల్. సీసా మూత సరిగ్గా లేకపోతే గాలిలో తేమ లాగేసుకుంటుంది. స్మియర్ పూర్తిగా ఆరకముందే స్టెయిన్ పోసినా ఇదే గొడవ. అప్పుడు ఎర్రకణాల మధ్యలో గీత గీసినట్టు అంచున్న ఖాళీలు కనిపిస్తాయి, వాటిని చూసి హైపోక్రోమియా (ఎర్రకణాల్లో రంగు తగ్గడం) అని రాసేస్తారు. నిజమైన హైపోక్రోమియాలో రంగు అంచు నుంచి మధ్యకి మెల్లగా పలచబడుతుంది. అనుమానం వస్తే ఫైన్ నాబ్ అటూఇటూ కొద్దిగా కదపండి: తేమ వల్ల వచ్చిన మచ్చ అయితే తళుక్కుమంటుంది.