రికార్డర్ మీద ట్రిల్: ఆడాల్సింది ఒక్క వేలే

రికార్డర్ అంటే నిలువుగా పట్టి ఊదే పాశ్చాత్య వేణువు. పక్కపక్కనున్న రెండు స్వరాలను గబగబా మార్చి మార్చి వాయించడమే ట్రిల్. సొప్రానో (చిన్న సైజు) రికార్డర్ మీద 'ఏ'–'జి' (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు) ట్రిల్ తొలి వారంలోనే వచ్చేస్తుంది. 'ఏ' స్వరం పట్టుకుని ఎడమ ఉంగరపు వేలు ఆడిస్తే సరి. బి–ఏకి మధ్యవేలు. చిక్కంతా సి–బి దగ్గరే.

సికి బొటనవేలు, మధ్యవేలు మూయాలి. బికి బొటనవేలు, చూపుడువేలు. అంటే ఒక వేలు లేస్తుండగానే ఇంకోటి పడాలి. నెమ్మదిగా వాయిస్తే తెలీదు. వేగం పెంచితే, రెండు వేళ్లూ ఒకేసారి మూసిన ఆ క్షణంలో 'ఏ' అనే స్వరం టిక్కుమంటుంది. ఎంత సాధన చేసినా ఇది పూర్తిగా పోదు, అందుకని పట్టే (వేళ్లతో రంధ్రాలు మూసే తీరే) మార్చాలి. సి పట్టు కదపకుండా ఉంగరపు వేలు మాత్రం ఆడించండి. బొటన, మధ్య, ఉంగరం మూస్తే వచ్చేది దాదాపు బియే. శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా ఆ వేగంలో చెవికి ఆనదు. కానీ ట్రిల్ ఆగే చోట మామూలు బి పట్టుకే రావాలి, లేకపోతే దొరికిపోతారు.

జి–ఎఫ్ కూడా ఇంతే. రికార్డర్లు బరోక్, జర్మన్ అని రెండు రకాల పట్టులతో వస్తాయి. బరోక్ పట్టులో ఎఫ్‌కి ఎడమచేయి మొత్తం, కుడి చూపుడు, ఉంగరం, చిటికెన. మొదటి జి మామూలుగా పట్టి, ఎఫ్‌కి దిగాక కుడి ఉంగరం, చిటికెన వేళ్లు అలాగే ఉంచి చూపుడువేలు ఆడించాలి. జర్మన్ పట్టు వాయిద్యంలో ఎఫ్ తేలికే, కానీ ఎఫ్ షార్ప్ (ఎఫ్ కంటే అర స్వరం పైది) దగ్గర ఆ సుఖానికి వడ్డీ కట్టాలి. కొత్తగా కొనేవాళ్లు బరోక్ తీసుకోవడమే మేలు.

బరోక్ సంగీతంలో (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం) ట్రిల్ పై స్వరంతో, సరిగ్గా తాళం మీద మొదలవుతుంది. 1707లో పారిస్‌లో అచ్చయిన ఫ్రెంచ్ వేణు విద్వాంసుడు ఒతెత్తెర్ పుస్తకంలో రికార్డర్ ట్రిల్ పట్టులకు విడిగా పట్టికే ఉంది. నాలుకతో 'టు' మొదట్లో ఒక్కసారే. ఆ తర్వాత ఊపిరి గీత గీసినట్టు సాగాలి. వేలితోపాటు ఊపిరీ ఊగితే మేక అరుపులా ఉంటుంది.

పై ఆక్టేవ్‌లో (పై స్థాయిలో) ఏ–జికీ ఉంగరపు వేలే, కానీ బొటనవేలి రంధ్రం సన్నటి చీలికంత తెరిచి ఉండాలి. ట్రిల్ జోరులో ఆ చీలిక మూసుకుపోతే స్వరం కిందికి జారుతుంది, ఎక్కువ తెరుచుకుంటే గాలి బుస వస్తుంది. తప్పు ఉంగరపు వేలిది అనిపిస్తుంది గానీ, చూడాల్సింది బొటనవేలినే.

మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి దెబ్బకి రెండు స్వరాలు, తర్వాత మూడు, నాలుగు. వేలు రంధ్రం మీద సెంటీమీటరు కంటే ఎత్తు లేవకూడదు. వేణువు మీద రంధ్రం సగం మూసి గమకం తీసే అలవాటున్నవాళ్లు ఇక్కడ వేలు జార్చకండి, నిట్టనిలువుగా ఎత్తి వేయండి.