ఎడ్గర్ షార్ట్‌లిస్టు, మా వదినతో పందెం

2021 జనవరిలో ఎడ్గర్ అవార్డుల షార్ట్‌లిస్టు వచ్చింది. అమెరికాలో మిస్టరీ రచయితల సంఘం 1946 నుంచి ఎడ్గర్ అలన్ పో పేరు మీద ఇస్తున్న అవార్డులివి. ఉత్తమ నవల విభాగంలో ఆరు పుస్తకాలు, ఫలితాలు ఏప్రిల్ 29న. ఈలోపు ఆరూ చదివేసి ఎవరికొస్తుందో చెప్పేస్తానని మా వదినతో పందెం కాశాను. ఓడినవాళ్లు విశాఖ బీచ్ రోడ్డులో ముంత మసాలా తినిపించాలి. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని రోజుకొకటి నమిలేసినవాణ్ణి, నాకు ఆరు పుస్తకాలు ఒక లెక్కా!

లెక్కే అని రెండో వారానికి తెలిసింది. రెండు పేపర్‌బ్యాకులుగా దొరికాయి, మిగతావి కిండిల్లో. చదివేది బస్సులో, మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం. సరిగ్గా అప్పుడే స్టీల్ ప్లాంటు ప్రైవేటీకరణ వార్త వచ్చి కూర్మన్నపాలెం దగ్గర ధర్నాలు మొదలయ్యాయి. బస్సు ఆగిపోతే నాకు ఇంకో రెండు చాప్టర్లు అయ్యేవి. పక్కసీటాయన ఒకరోజు, 'ఊరు ఇలా మండిపోతుంటే మీరేటి సార్, కథల పుస్తకం' అన్నాడు. ఏం చెప్తాం, పుస్తకం మూసేశాను. ఆయన దిగాక మళ్లీ తెరిచాననుకోండి.

ఒక నోట్‌బుక్కు పెట్టాను. ఎవరి మీద అనుమానం, ఎక్కడ మొదలైంది, చివరికి ఎవరు. కిండిల్లో పేజీ బదులు శాతం రాసేవాణ్ణి: '31 శాతం, పక్కింటాయన'. '44 శాతం, పక్కింటాయన కాదు.' ఆరింటిలో నేను పట్టుకున్నది రెండే.

రిచర్డ్ ఆస్మన్ 'ద థర్స్‌డే మర్డర్ క్లబ్' మార్చి 5న రాష్ట్ర బంద్ రోజు ఇంట్లో కూర్చుని ఒక్క ఊపులో అయిపోయింది. రిటైరైనవాళ్ల కాలనీలో నలుగురు పెద్దవాళ్లు ప్రతి గురువారం కూర్చుని పాత హత్య కేసులు తిరగేస్తుంటారు. కరోలిన్ కూనీ పుస్తకంలోనూ అలాంటి కాలనీలో ఉండే లాటిన్ టీచరమ్మే. ఆవిడ పక్కింట్లో కనిపించిన ఒక గాజు బొమ్మకి ఫోటో తీసి బంధువుల పిల్లలకి పంపుతుంది, అది గంజాయి పీల్చే సామాను. అక్కడ మొదలవుతుంది ఆవిడ కష్టం. మా ఫ్యామిలీ గ్రూపులో మా అత్తయ్య పంపే ఫోటోలు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఐవీ పొచోడా 'దీజ్ విమెన్' మాత్రం మొదటి పేజీల వీధి ఇంగ్లీషు కొరుకుడు పడక రెండుసార్లు వదిలేశాను. మూడోసారి చదివితే, హంతకుడి కంటే ఆ ఆడవాళ్లే ముఖ్యం అందులో. మంచి పుస్తకమే, కానీ మళ్లీ చదవను.

నన్ను బాగా కదిపింది క్వే క్వార్టే 'ద మిసింగ్ అమెరికన్'. ఆన్‌లైన్లో పరిచయమైన ఆవిడ కోసం ఒక అమెరికా పెద్దాయన ఘనా వెళ్లి కనపడకుండా పోతాడు. ఆవిడే లేదు, అంతా ఫ్రాడ్. అది చదువుతుంటే మా పెదనాన్న కళ్లముందు మెదిలారు. బ్యాంకు నుంచి అని, కేవైసీ అని ఫోనొస్తే ఓటీపీ చదివి వినిపించారు. డబ్బు పోయినందుకు కాదు ఆయన బాధ, 'ఆ కుర్రాడు ఎంత మర్యాదగా మాట్లాడాడురా' అని అదే పనిగా అనేవారు. ఈ పుస్తకంలో మోసం చేసే కుర్రాళ్ల ఇల్లూ వాకిలీ కూడా చూపిస్తాడు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

దీపా అనప్పర 'జిన్ పట్రోల్ ఆన్ ద పర్పుల్ లైన్' అన్నిటికంటే తేలిగ్గా తీసుకున్నాను. మన దేశంలోనే ఒక బస్తీ, పిల్లలు మాయమవుతుంటారు, టీవీలో పోలీసు ప్రోగ్రాములు చూసే తొమ్మిదేళ్ల జై తను డిటెక్టివ్ అనుకుని బయల్దేరతాడు. ఇది ఆవిడ మొదటి నవల. మొదటి నవలలకి ఎడ్గర్స్‌లో వేరే అవార్డు ఉంది కానీ అది అమెరికన్ రచయితలకే, అందుకని ఈవిడా ఆస్మనూ తొలి పుస్తకంతోనే పెద్దవాళ్ల వరసలో నిలబడ్డారు. నా నోట్‌బుక్కులో దీనికి రాసిన ముక్క: 'క్లూలు తక్కువ. నాలుగో స్థానం.'

ఏప్రిల్ వచ్చేసరికి కరోనా సెకండ్ వేవ్. ఆఖరిది హెదర్ యంగ్ 'ద డిస్టెంట్ డెడ్'. లెక్కల మాస్టారి శవం కాలిపోయి దొరకడంతో కథ మొదలు. కింద రోడ్డు మీద అంబులెన్సు వెళ్తుంటే ఇది ఎలా చదువుతాం? పది రోజులు ముట్టుకోలేదు. తర్వాత పూర్తి చేసి, ఇంత నింపాదిగా దుఃఖం గురించి రాసింది కాబట్టి ఇదేనని దాని మీదే పందెం ఖాయం చేశాను.

వదిన చదివినవి రెండే, ఆస్మన్‌దీ జిన్ పట్రోలూ. జిన్ పట్రోల్ అయ్యాక రెండు రోజులు మా చిన్నోణ్ణి కిందకి ఆడుకోవడానికి పంపలేదు. పందెం దాని మీదే.

30వ తారీకు పొద్దున్న ఫోన్ చూశాను. జిన్ పట్రోల్.

అప్పటికే రాత్రి కర్ఫ్యూ, బీచ్ రోడ్డుకి ఎవరెళ్తారు. ఇంట్లోనే ఉల్లిపాయలు తరిగి, మరమరాలు కలిపి, నిమ్మకాయ పిండి గిన్నెలో పోసి ఇచ్చాను. వదిన ఒక పిడికెడు నోట్లో వేసుకుని, 'మెత్తబడిపోనాయి. ఇది లెక్కలోకి రాదు' అంది.