బబుల్ రాప్‌లో చుట్టిన పాలపన్ను

పోయిన నెల్లో ఒక రాత్రి ప్యాకింగ్ టేబుల్ సర్దుతుంటే ఆర్డర్ల మధ్యలో ఒక బుల్లి పొట్లం కనిపించింది. బబుల్ రాప్‌లో చుట్టి, నేను వేసినట్టే అడ్డంగా ఒక టేపు నిలువుగా ఒక టేపు వేసి, పైన లేబుల్ కూడా అంటించి ఉంది, దాని మీద మా పెద్దదాని వంకర టింకర అక్షరాల్లో "అమ్మకి" అని. విప్పి చూస్తే లోపల దాని పాలపన్ను. సాయంత్రం నుంచి "అమ్మా, పన్ను ఊడేలా ఉంది చూడవా" అని నా చుట్టూ తిరుగుతూనే ఉంది, నేను "ఒక్క నిమిషం తల్లీ" అంటూనే ఉన్నాను, ఒక చేత్తో కస్టమర్‌కి రిప్లై, ఇంకో చేత్తో చిన్నోడి పాలసీసా. ఆ పన్ను ఎప్పుడు ఊడిందో, రక్తం వచ్చిందో లేదో, నోరు ఎవరు కడిగారో ఏమీ తెలీదు నాకు. అప్పటికే అది నిద్రపోయింది. పొట్లం చేతిలో పట్టుకుని అక్కడే నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చాను.

ఇక నావల్ల కాదు, బిజినెస్ మూసేద్దాం అనే అనుకున్నా ఆ రాత్రి. కానీ ఏడుపు ఆగాక లెక్కేసుకుంటే ఆ రోజు నేను ప్యాక్ చేసింది 11 పార్సిళ్ళే, అంతకు రెట్టింపు చేసి కూడా హాయిగా నిద్రపోయిన రోజులున్నాయి. అలిసింది చేతులు కాదు, బుర్ర. మెటీరియల్ ఇచ్చేవాళ్ళ బాకీ, రిటర్న్ అడిగినావిడకి ఏం చెప్పాలి, ట్యాక్స్ పేపర్లు, స్కూల్ ఫామ్ మీద సంతకం, చిన్నోడి టీకా, పెద్దదాని షూస్ బిగుతైపోయాయి, టేపు రోల్స్ అయిపోవస్తున్నాయి... వీటిలో గంట పట్టే పని ఒక్కటి కూడా లేదు, అన్నీ "చూడాలి" అనే మాట దగ్గర ఆగిపోయి రోజంతా లోపల గిరగిరా తిరుగుతున్నవే.

అప్పుడే ఒక నోట్‌బుక్ తీసి గుర్తొచ్చినవన్నీ రాశాను, 43 అయ్యాయి. నిజం చెప్పాలంటే అలా రాస్తే మనసు తేలికవుతుందని అందరూ అంటారు గానీ నాకు ఇంకా భయమేసింది. లిస్టు ఒక్కటే సరిపోదని తర్వాత అర్థమైంది. మసికంపో, బౌమైస్టర్ అని ఇద్దరు సైకాలజిస్టులు 2011లో రాసిన పేపర్ ఉంది, పని పూర్తి కాకపోయినా ఫర్వాలేదు, అది ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా అనుకుంటే చాలు, మాటిమాటికీ మనసులోకి దూరడం తగ్గుతుందని అందులో తేల్చారు. అందుకని "ట్యాక్స్ చూడాలి" కొట్టేసి "బుధవారం 10 గంటలకి మూడు నెలల బిల్లులు ఫోటో తీసి అకౌంటెంట్‌కి పంపాలి" అని రాశా. అలా ఒక్కో లైనూ మార్చుకుంటూ పోతే ఓ 9 అసలు చెయ్యక్కర్లేనివే అని తేలాయి, కొట్టేశా. అడిగిన ప్రతివాళ్ళకీ స్పెషల్ గిఫ్ట్ ప్యాకింగ్ చేసివ్వడం కూడా ఆ తొమ్మిదిలోదే, అది వదులుకోవడానికి మాత్రం మనసు పీకింది.

తర్వాత మా ఆయనతో కూర్చున్నా. ఆయన సాయం చెయ్యరని కాదు, చెప్తే చేస్తారు, కానీ ఆ చెప్పడమే నా నెత్తిన ఉన్న అసలు బరువు. అలిసన్ డామింగర్ అనే సోషియాలజిస్ట్ 35 జంటలతో మాట్లాడి 2019లో దీని గురించే రాసింది, ఇంటి పనిలో కంటికి కనపడని భాగం నాలుగు రకాలంట: ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. ఇందులో మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయని చూసింది. అది చదివి నాకు ఒళ్ళు జలదరించింది, అచ్చం మా ఇల్లే. అందుకే ఈసారి "టీకాకి తీసుకెళ్ళు" అనలేదు, "టీకాలు, స్కూలు ఇక మొత్తం నీవే, డేట్ గుర్తుపెట్టుకోవడంతో సహా, నేను అడగను" అన్నాను. మొదటి వారం ఒక ఫామ్ మర్చిపోయారు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఊరుకున్నా, టీచర్ గుర్తుచేస్తే ఆయనే ఇచ్చొచ్చారు.

ఇక సాయంత్రం 6 దాటితే ఫోన్ లోపలి గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది, రేపు పొద్దున్న రిప్లై ఇస్తామని ఆటోమేటిక్ మెసేజ్ వెళ్ళిపోతుంది. దీనివల్ల ఒక ఆర్డర్ క్యాన్సిల్ అయింది, బాధపడ్డాను, అయినా మార్చలేదు. ఒక పని సగంలో వదిలి ఇంకోదాంట్లోకి దూకితే మనసులో కొంత ముక్క పాతదాని దగ్గరే ఉండిపోతుంది, దాన్ని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో "అటెన్షన్ రెసిడ్యూ" అంది. అందుకే లేచే ముందు ఎక్కడ ఆపానో, రేపు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఒక్క లైను రాసి మరీ లేస్తున్నా, అది రాయకుండా లేచిన రోజు పిల్లలు చెప్పేది సగమే వినపడుతోంది.

ఆ పన్ను సంగతి చెప్పలేదు కదా. తెల్లారి దాని మంచం పక్కన కూర్చుని "నిన్న నువ్వు అన్నిసార్లు పిలిస్తే నేను చూడలేదు, తప్పు నాదే, నీది కాదు" అన్నా. కాసేపు నా మొహంలోకే చూసి "నొప్పి పుట్టలేదమ్మా, నాన్న నీళ్ళిచ్చాడు" అంది, వెంటనే నోరు తెరిచి ఖాళీ చూపించింది, చిగురు మీద వేలు పెట్టి చూడమంది. ఎర్రగా, మెత్తగా ఉంది, లోపల కొత్తపన్ను మొన తగులుతోంది. పక్కదాన్ని నాలుకతో తోసి చూపించి ఇది కూడా కదుల్తోంది అంది. నా నోట్‌బుక్‌లో శనివారం పేజీ మీద ఆ మాట తనే రాసుకుంది.