మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మత్తు నిషేధం: నా అనుభవం

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు నేను చూస్తాను. తోతాపురి దిగే రోజుల్లో రాత్రింబవళ్లు పనే. ఒక పక్క బాయిలర్, ఇంకో పక్క ఫోర్క్‌లిఫ్టులు, గేటు బయట కాయల లోడుతో బారులు తీరిన ట్రాక్టర్లు. ఇంత జరుగుతున్నా, "మద్యం సేవించి లోపలికి రారాదు" అన్న బోర్డు ఒక్కటే మా నియమావళి. మత్తు నిషేధంపై రాతపూర్వక నియమావళి ఉండాలని విదేశీ కొనుగోలుదారు ఒకరు అడిగాక గానీ కదలిక రాలేదు.

ఆ నియమావళికి నమూనా కూడా ఆయనే పంపారు. అది 1988 నాటి అమెరికా చట్టాన్ని బట్టి రాసింది. అక్కడి ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టులు, గ్రాంట్లు పొందేవారికి వర్తించేది. మనకు పనికొచ్చేది తక్కువ. దాన్ని పక్కన పెట్టి లాయరుతో కూర్చున్నాను. మా స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఉద్యోగుల సర్వీసు నిబంధనల్లో, తాగి రావడం దుష్ప్రవర్తన కింద ఉంది, గంజాయి ఊసే లేదు.

అసలు చిక్కు పరీక్షల దగ్గర వచ్చింది. అందరికీ మూత్ర పరీక్ష చేయించి, దొరికినవాళ్లను పంపేద్దామన్నారు యజమాని. మా ఫ్యాక్టరీ డాక్టరు ఒప్పుకోలేదు. గంజాయి ఆనవాళ్లు ఎప్పుడో ఒకసారి తాగినవారిలో కొన్ని రోజులు, రోజూ తాగేవారిలో కొన్ని వారాలు కనిపిస్తాయట. అంటే మనిషి ఇప్పుడు మత్తులో ఉన్నాడో లేదో ఆ పరీక్ష చెప్పదు. కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా నల్లమందు జాతి మత్తుమందుగా చూపవచ్చు. అందుకే అక్కడికక్కడే చేసే స్ట్రిప్పు పరీక్ష ఫలితాన్ని ల్యాబులో నిర్ధారించుకోకుండా ఎవరిమీదా చర్య ఉండకూడదని రాశాం. అనుమానం లేకపోయినా చేసే ముందస్తు పరీక్షలు బాయిలర్, ఫోర్క్‌లిఫ్టు, వాహనాలు నడిపేవారికే. మిగతావారి విషయంలో ఇద్దరు అధికారులు విడివిడిగా మత్తు లక్షణాలు రాసిపెట్టాకే పరీక్ష. రోడ్డు మీద 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మా యంత్రాల దగ్గర మాత్రం సున్నా.

తనంతట తాను వచ్చి అలవాటు మానలేకపోతున్నానని చెప్పేవాడి ఉద్యోగం కాపాడాలన్నది నా పట్టుదల. యజమానికి నచ్చలేదు. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ చూపించాను. వాడకం, కొద్ది మోతాదు కేసుల్లో స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి అది ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. అంత కఠినమైన చట్టమే ఒక తలుపు తెరిచి పెట్టినప్పుడు మనం మూసేయడమేమిటని అడిగాను. చికిత్సకు సెలవు, కోలుకున్నాక అదే ఉద్యోగం అన్న నిబంధన అలా నిలిచింది. దాని కింద మత్తు అలవాటు మానాలనుకునేవారి కోసం ఉన్న 14446 హెల్ప్‌లైన్ నంబరు వేయించాం.

కార్మికుల సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "మన అతిథి గృహంలో సీసాలు కూడా దీని కిందికే వస్తాయా సార్?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. కొనుగోలుదారులకు విందు చేయకపోతే వ్యాపారం సాగదని యజమాని చాలాకాలం నానబెట్టి, చివరికి ప్రహరీ లోపల ఎవరికీ మినహాయింపు లేదని సంతకం చేశారు. ఆ తర్వాతే జనం మిగతా పేజీలు శ్రద్ధగా విన్నారు. తెలుగుతో పాటు తమిళం, హిందీ, ఒడియాల్లోనూ చదివి వినిపించాం, అంటించి ఊరుకోలేదు.

లేబర్ కాంట్రాక్టరు ఇంకా దారికి రాలేదు. తన మనుషులకు చికిత్స సెలవు ఇస్తే ఆ రోజుల కూలి ఎవరిస్తారని ఆయన వాదన. వచ్చే సీజను ఒప్పందంలో సగం ఫ్యాక్టరీ భరించేలా రాయించే ప్రయత్నంలో ఉన్నాను.