మాన్‌హటన్‌లో మక్క కంకి

న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లో మన పిల్లల బర్త్‌డేలకి చేయించే కేకులంటే నాకు విసుగు. క్రికెట్ పిచ్, యూనికార్న్, చిన్నికృష్ణుడి వెన్నకుండ, ఏది అడిగితే అది చేసిస్తారు. ఫొటోలు అయ్యాక మాత్రం పైనున్న ఫాండెంట్‌ని, అంటే ఆ దళసరి చక్కెర పొరని, అందరూ వలిచి ప్లేటు అంచున పెట్టేస్తారు. అందుకే కేకుని ఎవరైనా ఆర్ట్ అంటే నేను నమ్మను. మాన్‌హటన్‌లోని లిసే అనే పేస్ట్రీ షాపుకి వెళ్లింది కూడా అమ్మ పోరు పడలేకే. కరీంనగర్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియో చూపించి "గీ మక్క కంకి కేకు ఏడ దొరుకుతది బిడ్డా?" అని ఒకటే అడగడం.

పెన్ స్టేషన్ దాకా ట్రైన్, అక్కడి నుంచి నడక. షాపు ఈస్ట్ 21వ వీధిలో, ఫ్లాటైరన్ బిల్డింగ్‌కి దగ్గర్లోనే. 2022లో యున్జీ లీ మొదలుపెట్టారు. కొరియాలో పుట్టి, ఫ్రాన్స్‌లో పేస్ట్రీ పని నేర్చుకున్నారావిడ. పారిస్‌లో లె మ్యూరిస్ హోటల్లో సెడ్రిక్ గ్రోలే దగ్గర పనిచేశారు. అచ్చం పండులా కనిపించే డిజర్ట్‌లకు పేరుపడ్డాయన ఆయనే. న్యూయార్క్ వచ్చాక జంగ్‌సిక్ అనే కొరియన్ రెస్టారెంట్‌లో ఈవిడ చేసిన అరటిపండు డిజర్ట్‌కి కూడా మంచి పేరొచ్చింది.

లోపల కేకుల్ని కుప్పగా పేర్చలేదు. మ్యూజియంలో బొమ్మల్లా ఒక్కోదాన్నీ విడిగా పెట్టారు. ధర చూసి అమ్మకి చెప్పలేదు. ఆ డబ్బుతో మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డులో ఒక బిర్యానీ వచ్చేస్తుంది.

కంకి రానే వచ్చింది. పొట్టిగా, పసుప్పచ్చగా, గింజలన్నీ వరుసగా. అమ్మ కాసేపు స్పూన్ పెట్టనివ్వలేదు, ఫొటో తీసి పెద్దమ్మకి పంపాలట. తినగానే నాకు ముందు తెలిసింది మక్క రుచే. వెనిలా కాదు, చక్కెర కాదు. పైన నురగలా మెత్తగా ఉండే మొక్కజొన్న మూస్, లోపల కాల్చిన మొక్కజొన్నతో చేసిన క్రీమ్, అడుగున పొడిపొడిగా రాలే బిస్కెట్, అదీ మొక్కజొన్నదే. ఆ క్రీమ్ దగ్గరికి వచ్చేసరికి, నిప్పుల మీద కాల్చిన కంకిలో కాస్త మాడిన గింజలు నోట్లో పడ్డప్పుడు వచ్చే వాసన సన్నగా తగిలింది. పార్టీ కేకుల్లో రూపం ఒకటి, రుచి ఇంకొకటి. ఇక్కడ ఆ తేడా లేదు. చూసేదే తింటున్నాం. నా విసుగు అక్కడితో పోయింది.

అమ్మ తీర్పు వేరు. "మంచిగనే ఉంది గని, జర ఉప్పుకారం, నిమ్మకాయ రాస్తె ఇంకా మంచిగుండు."

షాపు పేరే పెట్టిన లిసే అనే కేకు కూడా తీసుకున్నాం. పైన పువ్వులా ఉన్నది కొరియా పాతకాలపు ఇళ్ల పెంకుల మీద ఉండే డిజైన్. లోపల వేయించిన బ్రౌన్ రైస్ మూస్, కారమెల్, పీకాన్ గింజలు. కొరియాలో వేయించిన బియ్యంతోనూ, మొక్కజొన్నతోనూ టీ కాచుకుని తాగుతారు. ఆ వాసనల్ని ఫ్రెంచి మూస్‌లోకి తెచ్చారన్నమాట. ఈ ఫ్యూజన్ అనే మాట అంటే నాకు సాధారణంగా భయం, గులాబ్‌జామ్ చీజ్‌కేక్ తిన్నవాళ్లకి తెలుస్తుంది ఎందుకో. ఇది అలాంటిది కాదు. అమ్మకి కంకి కంటే ఇదే నచ్చింది, సగం పైగా తనే తినేసింది. నాకు మాత్రం కారమెల్ కొంచెం ఎక్కువైందనిపించింది.

శాకాహారులైతే ముందే అడగండి. మూస్ కేకుల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ వాడటం మామూలే, గుడ్డు సంగతి సరే సరి. పార్శిల్ ఆలోచన కూడా వద్దు, ట్రైన్‌లో ఎడిసన్ చేరేసరికి మూస్ మూస్‌లా ఉండదు. పిల్లలకి ఏమైనా తీసుకెళ్లాలంటే క్రొసాంట్లు నయం, మర్నాడు ఓవెన్‌లో పెట్టి వేడి చేసుకోవచ్చు.