వైర్‌సా ముందు నిలబడ్డ మేస్త్రికి ఎవరు నేర్పుతారు?

కృత్రిమ మేధ వచ్చేస్తోంది కనుక ఆరో తరగతి నుంచే పిల్లలకు కోడింగ్ నేర్పాలన్న మాట ఈ మధ్య చదువుల మీద జరిగే ప్రతి సభలోనూ వినిపిస్తోంది. ఒంగోలు పరిసరాల్లో ఐటీఐ పిల్లలకు ఫిట్టర్ పని నేర్పుతూ ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఆ మాట తప్పుగా తోచదు కానీ, సగం మాటగా మాత్రం తోస్తుంది. ఇప్పటికే పనిలో ఉండి, ఇంటద్దె, పిల్లల ఫీజులు నెత్తిన మోస్తున్న నలభై ఏళ్ల మనిషి కొత్త యంత్రం ముందు నిలబడినప్పుడు అతడికి ఎవరు, ఎక్కడ, ఎవరి ఖర్చుతో నేర్పుతారన్న ప్రశ్నను అక్కడ ఎవరూ ఎత్తరు. మన ప్రకాశం జిల్లాలో ఆ ప్రశ్న కృత్రిమ మేధ కంటే చాలా ముందే రాతి క్వారీల్లో మొదలైంది.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డున పడమరకు ఇరవై కిలోమీటర్లు దాటితే చీమకుర్తి వస్తుంది. నల్లని రాతిలో బంగారు రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ పుట్టిల్లు అదే. ఆ చుక్కలు బంగారం కావు, బ్రాంజైట్ అనే ఖనిజం. ఒకప్పుడు ఇక్కడ బ్లాకు తీయడమంటే కంప్రెసర్ గాలితో నడిచే జాక్‌హామర్ పట్టి, వరసగా బెజ్జాలు వేసి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, సమ్మెట దెబ్బలతో రాయిని విడదీయడమే. తరతరాలుగా రాతి పనిలో ఉన్న వడ్డెర మేస్త్రులకు రాయి ఏ వాలున చీలుతుందో, లోపల ఎక్కడ పగులుందో సమ్మెట మోతను బట్టే తెలిసేది. తరువాత డైమండ్ వైర్‌సా వచ్చింది. వజ్రపు రజను కూర్చిన పూసలను ఉక్కు తాడుకు గుచ్చి, ఆ తాడును రాతి చుట్టూ ఉచ్చుగా వేసి, నీళ్లు పోస్తూ మోటారుతో తిప్పితే రాయి కోసుకుపోతుంది. కోత సాగేకొద్దీ యంత్రం పట్టాల మీద వెనక్కి జరుగుతూ తాడు బిగువు సడలకుండా చూస్తుంది.

చూసేవాళ్లకు పనంతా యంత్రమే చేస్తున్నట్టు కనబడుతుంది కానీ, అసలు పని తాడు ఎక్కించక ముందే జరిగిపోతుంది. బండ పైనుంచి నిలువుగా ఒక బెజ్జం, ముఖం వైపు నుంచి అడుగున అడ్డంగా మరో బెజ్జం వేస్తే, ఆ రెండూ రాతి లోపల కంటికి కనబడని చోట కలవాలి. మేస్త్రి దారం, తూకపుగుండు, నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని డ్రిల్లు నిలువును, మట్టాన్ని సరిచూస్తాడు. బెజ్జాలు పూర్తయ్యాక ఒకదానిలోకి గాలి కొట్టినప్పుడు రెండోదానిలోంచి రాతిపిండి ఎగిరితే కలిశాయని తెలుసుకుంటాడు. అప్పుడే సన్నని తాడు దూర్చి, దాని వెంట వజ్రపు తాడును లాగుతాడు. కోత మధ్యలో తాడు తెగితే పూసలు తూటాల్లా దూసుకొస్తాయి కాబట్టి ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా అతడే చెబుతాడు. ఇందులో ఉన్నది హైస్కూలు రేఖాగణితమే. దాన్ని పరీక్షకు బట్టీ పట్టిన కుర్రాడు క్వారీలో తెల్లమొహం వేస్తే, బడి మధ్యలో మానేసిన మేస్త్రి అదే పాఠాన్ని ఏళ్ల తరబడి రాతి మీద, తన ఖర్చుతో, నేర్చుకున్నాడు. మనం చర్చించవలసిన లోపం ఇక్కడుందని నా అభిప్రాయం.

ఫ్యాక్టరీల కథ వేరు. ఉక్కు బ్లేడ్లు, ఇనుప రజనుతో రోజుల తరబడి సాగే గ్యాంగ్‌సా కోత స్థానంలో, ఒకేసారి అనేక వజ్రపు తాళ్లతో కోసే మల్టీవైర్ యంత్రాలు వచ్చి గంటల్లో పలకలు తీస్తున్నాయి. చేతి మిషన్‌తో పాలిష్ పట్టేవాళ్ల చోటును, పలకలు వరసగా కదులుతుంటే తానే పాలిష్ పట్టే లైన్ పాలిషర్ ఆక్రమించింది. అక్కడ ఆపరేటర్ ముందు ఉండేది రాయి కాదు, ఇంగ్లీషులో మాట్లాడే తెర. నా పాత విద్యార్థి ఒకతను ఒక రాత్రి ఆ తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, 'సార్, లైను ఆగిపోయింది, కంపెనీ టెక్నీషియన్ రేపు గానీ రాడంట, దీనర్థం ఏంటో చెప్పండి' అని అడిగాడు. పలక వచ్చిందో లేదో చూసే సెన్సారుకు ఏమీ కనబడడం లేదన్నది దాని అర్థం. దాని ముఖానికి రాతిబురద గడ్డకట్టింది, తడిగుడ్డతో తుడవగానే లైను కదిలింది. అతడికి చేతకానిది యంత్రం కాదు, ఆ ఒక్క వాక్యం. యంత్రం కొన్నప్పుడు యజమాని లక్షలు పోసి విడిభాగాలు తెప్పించుకున్నాడు కానీ, తెలుగులో నాలుగు పేజీల సూచనలు రాయించి ఇవ్వాలని అతడికీ, అమ్మినవాడికీ తోచలేదు.

పక్కనే నెల్లూరు మైకా, అంటే అభ్రకం, ఉంది. గూడూరు, సైదాపురం ప్రాంతాల్లో తవ్విన మైకాను పలుచని రేకులుగా చీల్చే పని వేలాది మందికి అన్నం పెట్టింది. రేడియో వాల్వుల్లో, కెపాసిటర్లలో ఆ రేకులు వాడేవారు. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక వాల్వుల కాలం క్రమంగా ముగిసింది. తరువాత పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ కూడా కూలిపోయింది. రేకు చీల్చిన ఆడవాళ్లకు ఆ వార్త ఏ ప్రభుత్వమూ ముందుగా చెప్పలేదు.

మనకు చట్టాలు లేక కాదు. ఐటీఐ శిక్షణ పథకం 1950 నుంచీ ఉంది, అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. గనుల్లో చేరేవాళ్లకు శిక్షణ ఇవ్వాలని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు చెబుతున్నాయి, కానీ వాటి చూపు ప్రధానంగా భద్రత మీదే. అప్రెంటిస్ నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. పదీ ఇరవై మందితో నడిచే చిన్న పాలిషింగ్ యూనిట్లకు ఆ నిర్బంధం లేదు. కేంద్రం నైపుణ్య శిక్షణ పథకమైన కౌశల్ వికాస్ యోజన కింద, ముందే పని వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. అది ప్రధానంగా మేస్త్రికి వచ్చిన పనికి ముద్ర వేయడానికే గానీ రాని పనిని నేర్పడానికి కాదు. ఈ పథకాలన్నీ ఇరవై ఏళ్ల కుర్రాడినో, పని వచ్చిన పాత చేతినో దృష్టిలో పెట్టుకున్నాయి. మధ్యలో చిక్కుకున్న మనిషి వీటిలో ఎక్కడా కనబడడు.

పెద్దవాళ్లకు నేర్పడం అసాధ్యమనే వాదనను నేను ఒప్పుకోను. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో స్వయం సహాయక సంఘాల మహిళలకు 15 రోజుల్లో డ్రోన్ ఎగరవేయడం, పొలంలో మందు చల్లడం నేర్పుతున్నారు. అయితే డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై ఉండాలి. పెన్నా ఆయకట్టు వరి పొలాల్లో నడుం వంచి పనిచేసే ఆడవాళ్లలో ఎందరు ఆ గడప దాటగలరు? బడి చేయవలసిన పని ఇక్కడే తెలుస్తుంది. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర గడపమంటుంది. ఆ పది రోజుల్లో పిల్లవాడికి ఒక యంత్రం పేరు చెప్పి పంపడం కంటే, కొలత తీయడం, బొమ్మ గీసి చదవడం, ఒక సూచనను చదివి అర్థం చేసుకోవడం నేర్పితే మంచిది. వాడు పెద్దయ్యేసరికి ఏ యంత్రం ఉంటుందో నాకూ తెలియదు, పాఠ్యపుస్తకం రాసినవాళ్లకూ తెలియదు.

నడివయసు కార్మికుడి విషయంలో అడ్డు తెలివి కాదు, కూలి. శిక్షణకు వెళ్లిన రోజు ఇంట్లోకి డబ్బు రాకపోతే ఎంత మంచి కోర్సుకైనా ఎవరూ రారు. సింగపూర్ 2016 జనవరి నుంచి పాతికేళ్లు, ఆపైన ఉన్న ప్రతి పౌరుడికీ నేర్చుకోవడానికి 500 సింగపూర్ డాలర్ల ఖాతా తెరిచి, 2024లో నలభై, ఆపైన ఉన్నవాళ్లకు మరో 4,000 డాలర్లు జోడించింది. మనం అంత చేయలేం కానీ, 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన, గనుల యజమానులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆ నిధి ఖర్చు చేయవలసిన ప్రాధాన్య రంగాల్లో నైపుణ్య శిక్షణ కూడా ఉంది. చీమకుర్తి చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలు నాలుగైదు కలిసి, షిఫ్టు మారే వేళ తమ యంత్రాన్ని ఒక గంట వదిలిపెట్టగలిగితే, చెప్పేవాడు ఐటీఐ నుంచి రావచ్చు, ఆ గంట కూలి నిధి నుంచి రావచ్చు. అందుకు కొత్త భవనమూ, కొత్త పథకమూ అక్కర్లేదు. కలెక్టరు కార్యాలయంలో జరిగే నిధి సమావేశంలో ఈ అంశాన్ని ఎజెండాలో పెట్టించగల యజమానులు ఇద్దరు ముగ్గురు చాలు.